నాన్న ఎడమకాలి మేజోడు

నా చిన్నప్పుడు భిలాయిలోని ఖుర్సీపార్‌లో మా వరస ఇళ్ళ ముందు చలికాలపు ఎండ నిలిచే చోటు ఒక్కటే ఉండేది. పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా ఆడవాళ్ళంతా నులకమంచాలు అక్కడికే ఈడ్చుకొచ్చి, ఒళ్ళో ఊలు ఉండలు పెట్టుకుని కూర్చునేవారు. పంజాబీలు, బెంగాలీలు, బీహారు నుంచి వచ్చినవాళ్ళు, అందరి చేతులూ ఆడుతూ ఉండేవి. మా అమ్మ మాత్రం వాళ్ళ మధ్య కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. శ్రీకాకుళం వైపు సముద్రపు గాలిలో పెరిగిన మనిషికి ఊలుతో ఏం పని? భిలాయి వచ్చేదాకా మా వాళ్ళెవరూ స్వెట్టరు తొడిగి ఎరగరు. దాన్ని ఎలా ఉతుకుతారో అసలే ఎరగరు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత జరిగిన దానికి మా అమ్మను ఎవరూ తప్పు పట్టకూడదని.

నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్న ఉక్కు ప్లాంటులో ఫర్నేసు మీద పనిచేసేవారు. ఒకరోజు కరిగిన ఇనుము చుక్క ఒకటి ఎగిరి ఆయన ఎడమ బూటులోకి జారింది. చుక్క చిన్నదే. కానీ ఆయన తొడుక్కున్నది బజారులో కొన్న నైలాన్ మేజోడు. అది కరిగి చర్మానికి అంటుకుపోయింది. చుక్క చేసిన గాయం కన్నా అంటుకున్న మేజోడు చేసిన గాయం పెద్దదని డాక్టరు అన్నాడట. రెండు నెలలు నాన్న ఇంట్లో మంచం మీదే ఉన్నారు.

ఆ రెండు నెలలూ నాకు ఇంట్లో చోటు లేదు. కట్టు మార్చేటప్పుడు బయటికి పొమ్మనేవారు. నాన్న జట్టు మనుషులు చూడటానికి వస్తే లోపలికి పొమ్మనేవారు. లోపల అమ్మ ఏడుస్తుంటే మళ్ళీ బయటికి పొమ్మనేది. గుమ్మానికి అటొకసారి ఇటొకసారి తిరగడం తప్ప నాకు చేతనైనది ఏమీ లేదు. నాకేదైనా పని చెప్పమని ఎంత అడిగినా, నువ్వు అడ్డం రాకుండా ఉండటమే పని అన్నారు. ఆ మాట అన్నది మా మేనమామ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అయినా ఆ మాట నా దగ్గర ఉంది.

గాయం మానింది గానీ దాని మీద వచ్చిన చర్మం ఉల్లిపొరలా ఉండేది. నెలాఖరులో ఒక సోమవారం నాన్న ప్లాంటు డాక్టరు ముందు బూట్లు తొడుక్కుని నడిచి చూపించాలి. సరిగ్గా నడిస్తే మళ్ళీ ఫర్నేసు మీదికి, తన జట్టులోకి పంపుతారు. లేకపోతే ఎక్కడో ఒకచోట కూర్చోబెడతారు. కూర్చోబెట్టడం అనే మాట వింటేనే నాన్న ముఖం పక్కకు తిప్పుకునేవారు. పన్నెండేళ్ళు ఆ వేడిలో నిలబడ్డ మనిషి. ఆ జట్టు తప్ప ఆయనకు స్నేహితులు లేరు. కానీ బూటు తొడిగితే ఆ పొర రాసుకుపోయి రక్తం వచ్చేది. బజారు మేజోళ్ళకు కుట్టు అతుకులుంటాయి, అవీ గుచ్చుకునేవి. పైగా నైలాన్ అంటే మా ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పెళ్ళికి ముందు మిషన్ ఆసుపత్రిలో పనిచేసిందని నాన్న కట్టు ఆవిడే మార్చేది. మిషన్ హాస్టల్లో చదువుకున్నప్పుడు దొరసాని దగ్గర మేజోళ్ళు అల్లడం నేర్చుకుందట. ఎండలో కూర్చునే వాళ్ళందరికీ స్వెట్టర్లు వచ్చు గానీ మేజోడుకు మడమ వంపు తిప్పడం ఆవిడకొక్కదానికే వచ్చు. అతుకు లేని ఊలు మేజోళ్ళు అల్లిపెట్టమని అమ్మ వెళ్ళి అడిగింది. అక్క గుమ్మంలో నిలబడ్డ నావైపు చూసి, "మీ అమ్మాయి అల్లుతుందిలే పిన్నిగారూ, నేను నేర్పుతా" అంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఎగిరి గంతేసేదాన్ని. అయినా అడగలేదు, అది గుర్తుపెట్టుకున్నాను.

అమ్మను సతాయించి ఎర్రటి ఊలు కొనిపించుకుని మర్నాడు ఎండలోకి పరిగెత్తాను. మెరిసిపోయే ఎరుపు. అందరికీ చూపించాను. అక్క దాని కొస అందుకుని, అగ్గిపెట్టె తెప్పించి, అందరి ముందూ పుల్ల గీసి అంటించింది. కొస ముడుచుకుని చిన్న నల్లపూసలా గట్టిపడింది.

"చూశావా? ఊలైతే కాలి బూడిదవుతుంది. ఇది కరిగింది. మీ నాన్న కాలికి అంటుకున్న సరుకే ఇది కూడా."

"అరే దీదీ, యే తో ప్లాస్టిక్ హై!" అని పంజాబీ ఆవిడ పకపకా నవ్వింది. ఆమెను చూసి అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. అక్క చెప్పింది నిజమే. కానీ ఆ నిజం మా ఇంటికి వచ్చి నా చెవిలో చెప్పి ఉండొచ్చు. పదిమంది ముందు నా ఊలుకు నిప్పు పెట్టక్కర్లేదు.

తర్వాత అక్క లోపలికి వెళ్ళి, మోచేతుల దగ్గర పలచబడిన బూడిదరంగు స్వెట్టరు ఒకటి తెచ్చి, చెయ్యి దగ్గర నుంచి ఊడదీయడం మొదలుపెట్టింది. అది అసలైన ఊలు. ఆవిడకున్నది ఆ ఒక్క స్వెట్టరేనని, ఆ చలికాలమంతా దుప్పటి కప్పుకుని తిరిగిందని నాకు చాలాకాలం తర్వాత తట్టింది. ఆ రోజు మాత్రం ఎరుపు పోయి బూడిదరంగు వచ్చిందన్న ఏడుపొక్కటే.

మేజోడుకు నాలుగు సలాయిలు, అంటే అల్లిక పుల్లలు, కావాలి, రెండువైపులా మొన ఉన్నవి. అక్క సైకిలు చక్రం పుల్లలు నాలుగు తీసుకుని, గుమ్మం రాయి మీద నీళ్ళు చల్లి అరగదీసి చేసింది. మూడు పుల్లల మీద కుట్లు ముక్కోణంలా నిలబడతాయి, నాలుగో పుల్లతో అల్లుకుంటూ గుండ్రంగా తిరగాలి. గుండ్రంగా తిరిగినంతసేపూ అన్నీ సీదా కుట్లే, అంటే నునుపు కుట్లే. మడమ దగ్గరికి వచ్చేసరికి సగం కుట్లు పక్కన పడుకోబెట్టి, మిగతా సగం మీద అటూ ఇటూ నడవాలి. వెళ్ళేటప్పుడు సీదా, వచ్చేటప్పుడు ఉల్టా, అంటే తిరగేసిన కుట్టు. వచ్చేటప్పుడు మర్చిపోయి సీదా వేస్తే గట్టు లేస్తుంది. నేను మర్చిపోయేదాన్ని.

నిజానికి మడమ దాకా వెళ్ళకముందే నా అల్లికలో తప్పులున్నాయి. పిక్క దగ్గర ఒక వరస పొరపాటున ఉల్టా వేసి గట్టు కట్టాను. పై అంచు కింద ఒక కుట్టు జారి కన్నం పడింది. అక్క రెండూ చూసింది, వదిలేసింది. మడమ దగ్గర మాత్రం గోరంత గట్టు కనిపించినా పుల్లలు లాగేసి సర్రున ఊడదీసేది. పాదం పైభాగం అల్లుతున్నప్పుడు కంటికి ఆనని చిన్న ముడి ఒకటి పడితే, దానికీ ఊడదీసింది. నియమమనేది ఒకటి ఉండాలి కదా. పెద్ద తప్పును వదిలి చిన్న తప్పును పట్టుకుంటారా ఎవరైనా? అడిగాను.

"అక్కడుంటే ఉండనీ. ఇక్కడ ఉండకూడదు" అంది.

"ఎందుకూ?"

"అల్లు ముందు."

మూడోసారి మడమ ఊడదీసిన రోజు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నావి ఇనప పుల్లలు కావు, వేళ్ళు. వాటికి నొప్పి ఉంటుంది. అక్క నావైపు చూడకుండానే, "చేతులు బాగానే ఉన్నాయి పిల్లా నీకు. చెవులే ఇంట్లో పెట్టొచ్చావు" అంది. మంచాల మీద వాళ్ళంతా మళ్ళీ నవ్వారు. ఆ క్షణంలో నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈవిడ దగ్గర పని నేర్చుకుంటాను, నాన్న కోసం. పనికి అవసరమైన మాట వింటాను. అంతకు మించి ఈవిడ చెప్పిన ఒక్క మాట కూడా మా ఇంటి గడప దాటనివ్వను.

ఎడమకాలిది పూర్తయింది. చివరి కుట్లు బిగించి ఊలు తెంపుతూ అక్క అంది: "దీన్ని చల్లనీళ్ళలోనే పిండాలి. వేణ్ణీళ్ళు తగిలాయా, ముడుచుకుపోతుంది. సోడా అసలు వద్దు. మీ అమ్మకి చెప్పు, మర్చిపోకు." నేను స్పష్టంగా విన్నాను. చెవులు నా దగ్గరే ఉన్నాయి. విని, ఇంటికి మోయలేదు.

ఆ సాయంత్రం నాన్న మంచం మీద కూర్చుని ఆ మేజోడు తొడుక్కున్నారు. మందు రాసిన కాలికే తొడుక్కున్నారు, ఆగలేక. లేచి గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేశారు. తర్వాత కూర్చుని పిక్క మీది గట్టును వేలితో తడుముతూ నవ్వారు.

"ఇదేటమ్మా, ఇక్కడ గట్టేసినావు? పొలం అనుకున్నావేటి?"

"తప్పు పడిపోనాది నాన్నా."

"పడనీ. బాగుంది. నా కాలు నాదేనని ఇప్పుడు తెలస్తంది. సోమారం నడిసి సూపించేస్తాను, సూడు."

రెండు నెలల్లో ఆయన సోమవారం గురించి మాట్లాడటం అదే మొదటిసారి. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మేజోడుకు పసుపుపచ్చగా మందు అంటింది.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరట్లో నిలబడి, ఏదో గుడ్డను రెండు చేతులతో పట్టుకుని లాగుతోంది. డాక్టరు మొదటిరోజే చెప్పాడు, పుండుకు తగిలిన ప్రతి గుడ్డనూ సోడా వేసి ఉడకబెట్టాలని. రెండు నెలలుగా అమ్మ ఒక్కరోజు తప్పకుండా కట్టు గుడ్డలు డబ్బాలో ఉడకబెడుతూనే ఉంది. మందు అంటిన మేజోడునూ వాటితో పాటే వేసింది, ఇంకాసేపు మరగనిచ్చింది కూడా, మరక పోలేదని. ఇప్పుడది చంటిపిల్ల కాలికి కూడా పట్టదు. అట్టలా దళసరిగా, బిరుసుగా తయారైంది. నేనొక కొస, అమ్మ ఒక కొస పట్టుకుని లాగాం. అంగుళం కూడా సాగలేదు. ఊడదీద్దామని కొస వెతికాను. కుట్లన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని పోయాయి, కొస దొరకలేదు.

"నానేటి సేసినానే? ఉడకబెట్టమన్నాడు గదా డాక్టరు బాబు. ఉడకబెట్టినాను. ఎవులూ సెప్పనేదు గదే నాకు!"

ఎవరూ చెప్పలేదు. నిజమే. అప్పటికి కుడికాలిది పై అంచు మాత్రమే అయింది, మడమ ఇంకా తిప్పాలి. సోమవారం ఇంక నాలుగు రోజులు. లోపల నాన్న పక్కింటాయనతో సోమవారం సంగతే మాట్లాడుతున్నారు, గొంతు హుషారుగా వినిపిస్తోంది. అమ్మ ఆ మేజోడును కొంగులో దాచి నన్ను పక్కింటికి లాక్కెళ్ళింది.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది, తిప్పి చూసింది. తలెత్తి నన్ను ఒక్కసారి చూసింది. నీళ్ళ సంగతి ఈ పిల్లకు చెప్పానే అని ఆమె అనొచ్చు. అనలేదు. "సోమవారానికి కుడిది నువ్వు పూర్తిచెయ్యి. ఎడమది నేను చూస్తా" అంది, అంతే. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నోరు తెరిచి అనేసి ఉంటే బాగుండేది. నేనూ తిరిగి ఏదైనా అనేదాన్ని.

నాన్నకు చెప్పొద్దని అమ్మ బతిమాలింది. మొదటి మేజోడు అలా అయిందంటే ఆయన అపశకునం అనుకుంటారని, కాలు కిందపెట్టరని ఆమె భయం.

నాలుగు రోజులూ నేను కుడికాలిది అల్లాను. మడమ నేనే తిప్పాను, ఒక్క గట్టు లేకుండా. సోమవారం తెల్లారగానే అక్క ఎడమకాలిది తెచ్చి నా చేతిలో పెట్టింది. చూస్తే పిక్క దగ్గర గట్టు. పై అంచు కింద కన్నం. సరిగ్గా నేను చేసిన చోటనే. ఒక్క తప్పు లేకుండా అల్లగలిగిన మనిషి, కావాలని నా తప్పులు రెండూ దించి పెట్టింది. నా ఒళ్ళు మండింది.

"నన్ను ఎక్కిరించడానికే గదా ఇలా అల్లినావు!"

అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. "బాగా అల్లితే మీ నాన్నకి తెలిసిపోదూ, ఇది వేరేదని? ఆ గట్టు తడిమి చూసుకున్నాడంటగా" అంది. తర్వాత కాస్త నవ్వి, "నీ తప్పులు నాకు కంఠతా వచ్చులే పిల్లా" అంది. నేను మేజోడు లాక్కుని ఇంట్లోకి పోయాను.

నాన్న రెండు మేజోళ్ళూ తొడుక్కున్నారు. పిక్క మీది గట్టు తడిమి నావైపు చూసి కన్ను గీటారు. బూట్లు వేసుకుని ఆసుపత్రి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచారు, కుంటకుండా. అమ్మా నేనూ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాం. డాక్టరు బాగుంది అన్నట్టు తలూపాడు. తర్వాత గదిలో కూర్చోబెట్టి ఎడమ మేజోడు తీయించాడు. తలుపు తెరిచే ఉంది. ఆ మచ్చను నేను చూడటం అదే మొదటిసారి. కట్టు మార్చినప్పుడల్లా నన్ను బయటికి పంపారు కదా. గులాబీరంగులో నిగనిగలాడుతూ పాదం పైభాగాన మొదలై, లోపలివైపుగా దిగి, మడమ చుట్టూ తిరిగింది. పిక్క మీద ఏమీ లేదు.

అక్క ఊడదీసిన ప్రతి చోటూ ఆ మచ్చ మీదే ఉంది. వదిలేసిన రెండు తప్పులూ మంచి చర్మం మీద పడ్డాయి. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. చెప్పి ఉండొచ్చు కదా ఆవిడ, అని కూడా అనుకున్నాను. పదకొండేళ్ళ పిల్లకు తండ్రి కాలి మీద మచ్చ పటం గీసి ఎవరు చెబుతారు? అయినా అనుకున్నాను.

డాక్టరు మంచివాడే. ఆ చర్మాన్ని వేలితో నెమ్మదిగా నొక్కి చూశాడు. నడక బాగుంది గానీ ఈ చర్మం ఫర్నేసు వేడికి ఆగదు, మళ్ళీ చిట్లుతుంది అన్నాడు. స్టోర్సులో కూర్చునే పనికి రాశాడు. నాన్న ఇంకోసారి నడిచి చూపిస్తానన్నారు. అక్కర్లేదన్నాడు డాక్టరు. "ఒక్కసారి బాబూ" అన్నారు నాన్న, హిందీలోనూ తెలుగులోనూ. మేజోడు చేతిలో పట్టుకుని, ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది, లేచి నిలబడ్డారు కూడా. మేమిద్దరం బెంచీ మీద నుంచి కదల్లేదు. కదిలి చేసేదేముంది?

ఇంటికి వచ్చేసరికి కొళాయి దగ్గర అందరూ ఉన్నారు. ఏమైందని అడిగారు. నాన్న పని సంగతి ఒక్క ముక్కలో చెప్పి, వెంటనే బూటు విప్పి మేజోడు చూపించారు, అదొక్కటే చెప్పుకోదగ్గది మిగిలినట్టు.

"మా అమ్మాయి అల్లినాది. రెండూని. కుడిది బాగుంది. ఎడమదుంది సూడండి, అది మరీ మెత్తన. ఎంత నడిసినా నొప్పన్నదే తెల్లేదు."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఎండలో నవ్విన పంజాబీ ఆవిడ కూడా వచ్చి నా తల నిమిరింది. అక్క అక్కడే బకెట్టు పెట్టుకుని ఉంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కొళాయి వైపు చూస్తూ ఉంది. బకెట్టు నిండగానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎడమది నాది కాదు నాన్నా, అని నా గొంతు దాకా వచ్చింది. చెబితే నేను మోయని ఆ మాట సంగతీ చెప్పాలి. ఆ రోజు ఆయన దగ్గర ఇంకొకటి లాక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

నాన్న స్టోర్సులోనే రిటైరయ్యారు. ఆ మేజోళ్ళు చిరిగేదాకా చలికాలమంతా తొడుక్కున్నారు. ఎవరు ఇంటికి వచ్చినా ఎడమకాలు ముందుకు పెట్టి చూపించేవారు. నేను ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఆయనకు ఎన్ని జతలు అల్లి ఇచ్చినా, ఆ ఎడమదాని మెత్తదనం వీటికి రాలేదమ్మా అనేవారు. రెండేళ్ళ తర్వాత అక్కావాళ్ళు చరోదా వైపు ఇల్లు మారారు. ఆవిడ ఎన్నడూ ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఆవిడకు ఒక్క మంచిమాట చెప్పలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎర్ర ఊలుకు నిప్పు పెట్టినందుకు అక్క మీద నాకు కోపం పోలేదు, పోదు. కోపాలు మానుకోవడం నా వల్ల కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మేజోడు ముడుచుకుపోయిన రోజు నుంచి నాకు అలవాటైంది ఒక్కటే. పోయిన నెలలో మా పైవాటా ఆవిడ మెట్ల మీద నిలబడింది. నేను ఆరేసిన బట్టల మీద కావాలని తివాచీ దులిపిందని, ఏడాదిగా నేను ఆవిడతో మాట్లాడటం లేదు. "ఆంటీజీ, రేపు టాంకీ కడుగుతారట, రెండ్రోజులు నీళ్ళు రావు, పట్టి పెట్టుకోండి" అంది. నేను ముఖం గోడవైపే తిప్పుకుని ఉన్నాను. మాట మాత్రం చివరిదాకా విన్నాను. ఆవిడ వెళ్ళాక చెప్పులు తొడుక్కుని, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా, కింద ఉన్న నాలుగు ఇళ్ళ తలుపులూ తట్టి చెప్పి వచ్చాను.